డ్రాయింగులు ఎక్కడ ఉంచాలి, ఏఐకి ఏం ఇవ్వాలి: శ్రీకాకుళం, విజయనగరం నిర్మాణ ఆఫీసులకు ఎంపిక సలహా

తేల్చాల్సింది ముందే చెప్పేస్తాం. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ముగ్గురి నుంచి పది మంది దాకా పనిచేసే ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఆఫీసులకూ, ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు కట్టే బిల్డర్లకూ సరిపోయేది ఇదీ: డబ్బు కట్టి తీసుకున్న క్లౌడ్ డ్రైవ్, అందులో జారీ చేసిన డ్రాయింగులకు ఒకే ఒక్క ఫోల్డరు, అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఉన్న పీడీఎఫ్‌లు, వ్యాపార ఖాతా మీద ఒక ఏఐ. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు స్థాయి పనుల్లో సబ్ కాంట్రాక్టు చేసేవాళ్లు సొంతంగా ఏదీ కట్టుకోనక్కర్లేదు, మెయిన్ కాంట్రాక్టరు వాడే ప్లాట్‌ఫామ్‌లోనే పనిచేయాలి. ఆఫీసులోనే సర్వరు, దాని మీదే ఏఐ అన్న ఏర్పాటు, డ్రాయింగులు బయటికి పోకూడదని ఒప్పందంలో రాసి ఉన్నవాళ్లకే తగినది.

చాలామంది ముందు ఏఐ ఏది మంచిదని అడుగుతారు. అది రెండో ప్రశ్న. ఒక ఇంటి కాలమ్ షెడ్యూలుకి (స్తంభాల సైజులు, రాడ్లు రాసే పట్టిక) మూడు రివిజన్లు వచ్చి, మూడూ వాట్సాప్ గ్రూపులో అటొకటి ఇటొకటి పడి ఉంటే, ఏఐ అందులో ఏదో ఒకటి చదివి తడుముకోకుండా జవాబు చెబుతుంది. చదివింది పాత రివిజన్ అని దానికి తెలియదు. అందుకే ముందు ఫైళ్లు ఉండే చోటు, తర్వాత ఫార్మాట్, ఆ తర్వాతే ఏఐ.

ఫైళ్లు ఎక్కడ

వాట్సాప్ మాట్లాడుకోవడానికి మంచిది, డ్రాయింగులు దాచుకోవడానికి కాదు. ఏ1 షీటు పొడవు 841 మి.మీ. దాన్ని ఫోటో తీసి పంపితే, పంపే దారిలో అది 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయిందనుకుందాం. అప్పుడు ఒక్కో పిక్సెల్ షీటు మీద అర మిల్లీమీటరు పైన ఆక్రమిస్తుంది. 2.5 మి.మీ. ఎత్తున రాసిన అక్షరానికి ఐదు పిక్సెళ్లు కూడా మిగలవు. అందులో 6కీ 8కీ తేడా మనిషికీ కనబడదు, ఏఐకీ కనబడదు. ఫోటోతో పాటు ఉండే తేదీ, జీపీఎస్ సమాచారం కూడా పోతుంది, రేపు సైటులో వివాదం వస్తే ఆ ఫోటో సాక్ష్యంగా పెద్దగా నిలవదు. తప్పనిసరై వాట్సాప్‌లో పంపాల్సివస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

గూగుల్ డ్రైవ్ లాంటివాటిలో ఉచితంగా దొరికే 15 జీబీ ఒకట్రెండు ప్రాజెక్టులకే సరి. పైగా ఆ ఖాతా ఒక ఉద్యోగి సొంత మెయిల్ మీద ఉంటుంది. ఆయన మానేసిన రోజున ఫైళ్లు ఆయనతోనే వెళ్తాయి. ఆఫీసు పేరు మీద వ్యాపార ఖాతా తీసుకోవడానికి పెద్ద కారణం చోటు కాదు, ఈ యాజమాన్యమే. ఇక ఫోల్డర్ల విషయంలో ఐఎస్ఓ 19650 (నిర్మాణ సమాచార నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) చెప్పే నాలుగు దశలు చిన్న ఆఫీసుకీ పనికొస్తాయి: పనిలో ఉన్నవి, పరిశీలనకు పంచినవి, జారీ చేసినవి, పాతవి. సైటు ఇంజినీరుకీ మేస్త్రికీ మూడో ఫోల్డరు మాత్రమే కనబడాలి, అదీ చూడటానికే, మార్చడానికి కాదు. కొత్త రివిజన్ అందులో పడిన నిమిషానే పాతది నాలుగో ఫోల్డరుకి వెళ్లాలి. ఈ ఒక్క పనికి ఆఫీసులో ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టండి. ఇద్దరిని పెడితే ఒకరు చేశారని ఇంకొకరు ఊరుకుంటారు. ఫైలు పేరులోనే ప్రాజెక్టు, విభాగం, అంతస్తు, షీటు నంబరు, రివిజన్ ఉండాలి. "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే పేర్లు రానివ్వకండి, ఆర్0, ఆర్1 అని నడవండి.

ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్, ట్రింబుల్ కనెక్ట్ లాంటి నిర్మాణ ప్లాట్‌ఫామ్‌లు ఇంకో మెట్టు పైన. ఎవరు ఎప్పుడు ఏ రివిజన్ తెరిచారో, ఏ ప్రశ్నకు ఎవరు జవాబివ్వలేదో అన్నీ నమోదవుతాయి. భవనం 3డీ మోడల్ మీదే గుర్తు పెట్టి, ఇక్కడ బీమ్‌కీ డక్టుకీ ఢీ అని రాసి పంపొచ్చు. ఖర్చు మాత్రం మనిషికింత అని పడుతుంది. ఇంటి యజమాని, ప్లంబరు, రాడ్ బెండింగ్ మేస్త్రి ఎవరూ అందులోకి రాకపోతే కట్టిన డబ్బు వృథా. జట్టులో కనీసం సగం మంది ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లయితేనే దీని జోలికి వెళ్లండి.

సొంత సర్వరు అంటే రెండు డిస్కులు పట్టే చిన్న నాస్ పెట్టె (నెట్‌వర్కుకు తగిలించే నిల్వ పెట్టె), దాని మీద నెక్స్ట్‌క్లౌడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్. రెండు 4 టీబీ డిస్కులను ఒకదానికొకటి నకలుగా పెడితే మిగిలేది 4 టీబీ. ఒక డిస్కు పాడైతే ఆ నకలు కాపాడుతుంది. ఎవరైనా ఫైలు చెరిపేస్తే రెండు చోట్లా చెరిగిపోతుంది కాబట్టి అది బ్యాకప్ కింద లెక్కకు రాదు. ఇంకో చిక్కు: మామూలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, సైటు నుంచి ఆఫీసు పెట్టెను అందుకోవాలంటే వీపీఎన్ పెట్టుకోవాల్సిందే. ఇవన్నీ చూసుకునే మనిషి లేని ఆఫీసులో ఈ పెట్టె ఆరు నెలలకు మూలన పడుతుంది.

తుపాన్ల సంగతి కూడా ఇక్కడే చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ ఈ తీరాన్నే తాకాయి. తిత్లీ అప్పుడు ఉద్దానం వైపు స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. క్లౌడ్ మాత్రమే ఉంటే అలాంటి వారంలో డ్రాయింగే అందదు. ఆఫీసు పెట్టె మాత్రమే ఉంటే, నీళ్లొచ్చిన గదిలో అది మునిగితే అంతా పోతుంది. కాబట్టి ఏది ఎంచుకున్నా మూడు ప్రతులు ఉంచండి: క్లౌడ్‌లో ఒకటి, ఆఫీసులో ఒకటి, వారానికోసారి నకలు తీసి వేరే ఊళ్లో పెట్టే డిస్కులో ఒకటి. సైటు ఇంజినీరు ఫోనులో జారీ చేసిన ఫోల్డరుని ఆఫ్‌లైన్‌లో కూడా తెరుచుకునేలా పెట్టండి.

ఏ ఫార్మాట్

ఏఐ సరిగా చదవడం, చదవకపోవడం ఎక్కువగా తేలేది ఇక్కడే.

ఆటోకాడ్ ఫైలు రకమైన డీడబ్ల్యూజీ మన దగ్గర అందరి భాష. ఏపీ డీపీఎంఎస్‌లో (భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ) ప్లాను అనుమతికి పెట్టేదీ లేయర్లు సరిచేసిన క్యాడ్ డ్రాయింగే. అయితే పంపేటప్పుడు మూడు చోట్ల తెగుతుంది. బయటి ఫైళ్లను ఎక్స్‌రెఫ్‌గా తగిలించి, ఒక్క ఫైలే పంపితే అవతల సగం డ్రాయింగు ఖాళీ. ఆటోకాడ్‌లోని ఈట్రాన్స్‌మిట్ వాడితే అన్నీ కలిసి వెళ్తాయి. రెండోది, మీది కొత్త ఆటోకాడ్, ఇంజినీరుది పాతది అయితే 2013 ఫార్మాట్‌లోకి దించి పంపాలి. మూడోది కొలతలు: ఆర్కిటెక్ట్ అంగుళాల్లో, ఇంజినీరు మిల్లీమీటర్లలో గీస్తే, చొప్పించిన బ్లాకు 25.4 రెట్లు తేడాతో పడుతుంది. ఫైలులో యూనిట్ల అమరిక చూసుకుని, గ్రిడ్ మీద ఒక తెలిసిన దూరం కొలిచాకే ముందుకెళ్లండి.

పీడీఎఫ్‌లో రెండు రకాలున్నాయి, బయటికి ఒకేలా కనిపిస్తాయి. పరీక్ష సులువు: ఫైలు తెరిచి 16 అని వెతకండి. దొరక్కపోతే అక్షరాలన్నీ గీతలుగా మారిపోయాయన్నమాట. ఆటోకాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు ప్లాట్ చేసినప్పుడు జరిగేదిదే. షెడ్యూళ్లనీ నోట్సునీ ఏరియల్ లాంటి ట్రూటైప్ ఫాంటులోకి మార్చి మళ్లీ పీడీఎఫ్ తీస్తే అక్షరాలు అక్షరాలుగా నిలుస్తాయి. తెలుగు నోట్సు అను ఫాంట్లలో ఉంటే మరో ఇబ్బంది. తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఏఐ చదివేది లోపలున్నదాన్ని. యూనికోడ్‌లో రాసుకోవాలి, విండోస్‌తో వచ్చే నిర్మల యూఐ ఫాంటైనా చాలు.

కాగితం డ్రాయింగే మిగిలితే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయించండి, 2.5 మి.మీ. అక్షరానికి 29 పిక్సెళ్ల దాకా వస్తాయి. కానీ ఏ1 షీటు మొత్తం ఒకే బొమ్మగా ఏఐకి ఇవ్వకండి. పెద్ద బొమ్మల్ని చాలా ఏఐ మోడళ్లు లోపల తామే కుదించుకుంటాయి, స్కాన్‌కి పెట్టిన శ్రమంతా పోతుంది. కాలమ్ షెడ్యూలు ఒక ముక్క, ఫుటింగ్ షెడ్యూలు ఒక ముక్క, నోట్సు ఒక ముక్కగా కత్తిరించి ఇవ్వండి.

ఐఎఫ్‌సీ అనేది భవనాల 3డీ మోడళ్లకు ఉమ్మడి ఫార్మాట్, ఐఎస్ఓ 16739 ప్రమాణం. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి కట్టుబడదు. గోడ గోడగానే, స్లాబ్ స్లాబ్‌గానే పేరూ కొలతలతో ఉంటుంది కాబట్టి ఏఐ గీతలు చూసి ఊహించే పని ఉండదు. మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్ నుంచి తీసేటప్పుడు బేస్ క్వాంటిటీస్ ఎగుమతి టిక్ పెట్టడం మరిస్తే ఆకారం వస్తుంది గానీ కొలతల పట్టిక రాదు. ఐఎఫ్‌సీ4 రిఫరెన్స్ వ్యూ అనే ఎగుమతి రకం చూడటానికీ కొలవడానికీ ఉద్దేశించింది, అవతలివాళ్లు దాన్ని తెరిచి డిజైన్ మారుస్తారని ఆశించకండి. మొత్తం జట్టులో మోడల్ గీసేది ఒక్కరే అయితే ఐఎఫ్‌సీ కోసం అందర్నీ తొందరపెట్టడం అనవసరం. పాతికేళ్లు నిలవాల్సిన ఆసుపత్రి, కాలేజీ లాంటి భవనాలకు మాత్రం అప్పగింతలో ఐఎఫ్‌సీ అడిగి తీసుకోండి. కొత్త రెవిట్‌లో సేవ్ చేసిన ఫైలు పాత రెవిట్‌లో తెరుచుకోదు, వెనక్కి దించే దారీ లేదు.

ఏ ఏఐ

ఉచిత ఖాతా, వ్యాపార ఖాతా, సొంత కంప్యూటర్ మీద నడిచే మోడల్: ఈ మూడింటికీ అసలు తేడా తెలివిలో కన్నా, ఇచ్చిన సమాచారం ఎటు పోతుందన్నదాంట్లోనే ఎక్కువ. చాట్‌జీపీటీ ఉచిత ఖాతాలో మీరు ఇచ్చింది మోడల్ శిక్షణకు వాడుకునే అమరిక మొదటి నుంచీ తెరిచే ఉంటుంది, డేటా కంట్రోల్స్‌లోకి వెళ్లి మీరే ఆపాలి. వ్యాపార ఖాతాల్లో, ఏపీఐలో (ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి ఏఐని వాడే దారి) మొదటి నుంచీ ఆపి ఉంటుంది. ఏ కంపెనీదైనా కొనేముందు చూడాల్సిన మూడు వాక్యాలు: శిక్షణకు వాడతారా, ఎన్నాళ్లు దాస్తారు, మనుషులు చదువుతారా. ఆఫీసులో అందరూ సొంత ఫోన్లలో ఉచిత ఖాతాలు వాడుతుంటే, మీరు కొన్న వ్యాపార ఖాతా వల్ల కలిగే రక్షణ ఏమీ లేదు.

సొంత కంప్యూటర్ మోడల్‌కి 8 బిలియన్ పారామీటర్ల (మోడల్ సైజుకు కొలత) స్థాయిది, నాలుగు బిట్లకు కుదించినది అయితే, సుమారు 5 జీబీ మెమరీ పడుతుంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది, 12 జీబీ అయితే పొడవైన డాక్యుమెంట్లకు ఊపిరాడుతుంది. ఇంగ్లీషు స్పెసిఫికేషన్లలో ఫలానా క్లాజు వెతకడం, మీటింగ్ నోట్సు సర్దడం బాగానే చేస్తుంది. తెలుగులో బాగా తడబడుతుంది. ఈ సైజు మోడళ్లకు తెలుగు ఒక్కో మాటా చాలా ముక్కలై అందుతుంది, అవి నేర్చుకున్న తెలుగూ తక్కువే. డ్రాయింగు బొమ్మలు చదివించడానికి దీన్ని నమ్ముకోవద్దు.

ఏ పనికి ఇవ్వాలి, ఏ పనికి ఇవ్వకూడదు

టెండరు డాక్యుమెంట్ల నుంచి గడువులు, రిటెన్షన్ (బిల్లులో పట్టి ఉంచే సొమ్ము) శాతం, జరిమానా షరతులు, పరీక్షల జాబితా ఏరించడం ఏఐ బాగా చేసే పని. ప్రతి జవాబుకీ పేజీ నంబరు అడగండి, ఆ పేజీ తెరిచి చూడండి. ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) ఇచ్చి ఎస్టిమేట్ రాయమంటే మాత్రం జాగ్రత్త. లీడ్ స్టేట్‌మెంట్ (సామాను రవాణా దూరాల పట్టిక) మీరు విడిగా ఇవ్వకపోతే అది రవాణా వదిలేసి బేసిక్ రేటే వేసేస్తుంది. ఇసుక, మెటల్ (కంకర) ఎంత దూరం నుంచి వస్తాయో దానికి తెలియదు.

స్టీలు లెక్కలో, డ్రాయింగు చదివి పట్టిక రాయడం వరకే ఏఐకి ఇవ్వండి, గుణకారాలు స్ప్రెడ్‌షీటులో జరగాలి. మీటరు రాడ్డు బరువు వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే వస్తుంది: 10 మి.మీ.కి 0.617 కిలో, 16 మి.మీ.కి 1.58 కిలో. 12 కాలమ్‌లు, ఒక్కోదానికి 16 మి.మీ. రాడ్లు 8, పొడవు 3.6 మీటర్లు అనుకుంటే ల్యాపులు (రాడ్డు మీద రాడ్డు వేసే అతుకులు) కలపకుండా 345.6 మీటర్లు, 546 కిలోలు. మసక స్కాన్‌లో 16ని 10గా చదివితే అదే 213 కిలోలవుతుంది. 333 కిలోల తేడా ఒక్క అంకెలో వచ్చింది, పట్టిక మాత్రం చూడ్డానికి నీటుగానే ఉంటుంది. అందుకే చదర అడుగుకి ఎన్ని కిలోలు వచ్చిందో చివర లెక్క తీసి, మీ పాత ఇళ్లతో పోల్చే వరస ఒకటి స్ప్రెడ్‌షీటులోనే ఉంచండి.

మన కొలతలు దానికి ముందే రాసి ఇవ్వాలి. సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. ఇసుక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు. డ్రాయింగు 150 మి.మీ. అంటే మేస్త్రి ఆరు అంగుళాలంటాడు. మేస్త్రుల వాయిస్ మెసేజ్‌ల నుంచి సైటు డైరీ రాయించేటప్పుడు ఈ అంకెల దగ్గరే ఎక్కువ తప్పులొస్తాయి, మన ఉత్తరాంధ్ర యాస దానికి తోడు. ఎన్ని సిమెంటు బస్తాలు, ఎంతమంది కూలీలు అన్నవి ఫారంలో అంకెలుగా నింపించి, వాయిస్‌ని మిగతా వివరాలకు మాత్రమే వాడండి.

డిజైన్ కోడ్ ప్రశ్నలు అడగొచ్చు, కానీ ముందు ఈ రెండు ప్రశ్నలతో పరీక్షించండి.

మొదటిది: కళింగపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంటికీ, బొబ్బిలిలో ఇంటికీ కవర్ (రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) ఎంత, కాంక్రీటు గ్రేడు ఎంత? కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 ప్రకారం మైల్డ్ పరిస్థితికి 20 మి.మీ., ఎం20. మోడరేట్‌కి 30, ఎం25. తీర వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటు సివియర్ కిందికి వస్తుంది, 45, ఎం30. సముద్రపు తుంపర పడేచోట వెరీ సివియర్, 50, ఎం35. పరిస్థితి ఏదైనా కాలమ్‌కి మామూలుగా 40 మి.మీ., ఫుటింగ్‌కి 50 మి.మీ. కనీసం. రెండు ఊళ్లకీ ఒకే జవాబిచ్చినా, బొబ్బిలి కాలమ్‌కి 20 చాలన్నా ఆ ఏఐని డిజైన్ దగ్గరికి రానివ్వకండి.

రెండోది: పైడిభీమవరంలో ఫ్యాక్టరీ షెడ్డుకు గాలి లెక్కలో కే4 (తుపాను తీరంలో కట్టడం ప్రాముఖ్యాన్ని బట్టి వేసే గుణకం) ఎంత? 1987 నాటి గాలి భారాల కోడ్, ఐఎస్ 875 మూడో భాగంలో కే4 లేనే లేదు. 2015 సవరణలో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక కట్టడాలకు 1.15 వచ్చింది. గాలి ఒత్తిడి, దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 32 శాతం ఎక్కువ. పాత పుస్తకాల మీద పెరిగిన మోడల్ కే3 దగ్గరే ఆగిపోతుంది. షెడ్డు రేకులు ఎగిరిపోయేది ఆ 32 శాతం దగ్గరే.

కొనడానికి ముందు ఇంకో పరీక్ష: పని పూర్తయి ఫైనల్ బిల్లు తేలిన ఒక జీ ప్లస్ వన్ ఇల్లు తీసుకోండి. షెడ్యూళ్లు, ఒక పాత రివిజన్, ఒక కొత్త రివిజన్ ఇచ్చి తేడాలు చెప్పమనండి, స్టీలు పట్టిక రాయమనండి. అదే ప్రశ్న మర్నాడు కొత్తగా మొదలుపెట్టి మళ్లీ అడగండి. రెండు రోజుల జవాబులూ మీ బిల్లుతో పక్కపక్కన పెడితే, ప్రకటనలేవీ చదవక్కర్లేకుండానే ఏది కొనాలో తెలుస్తుంది.

ఏం పంచుకోకూడదు

యజమాని ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు, ఫోన్ నంబర్లు ఏఐకి ఎందుకూ పనికిరావు. టైటిల్ బ్లాకు (డ్రాయింగు అంచున పేర్లు, వివరాలుండే పెట్టె) కత్తిరించి, ప్రాజెక్టుకి ఒక కోడ్ నంబరు పెట్టి ఇవ్వండి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. డ్రాయింగు గీసినవాళ్ల హక్కు వేరే. 1957 కాపీరైట్ చట్టం కింద అది కళాకృతి, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే హక్కు మామూలుగా గీసినవాళ్లదే. కాంట్రాక్టరు ఆర్కిటెక్ట్ షీటుని ఏఐకి ఎక్కించాలంటే ముందు ఆర్కిటెక్ట్‌ని అడగాలి.

నాలుగైదు ఆఫీసులు కలిసి పాత పనుల లెక్కలు ఒకచోట పోగేసుకోవడం మంచి ఆలోచన, దాన్ని గట్టిగా సమర్థిస్తాం. పంచుకోవాల్సినవి: మండలం, నేల ఇసుకదా ఎర్రదా నల్లదా, పునాది రకం, అంతస్తులు, కట్టిన విస్తీర్ణం, చదర అడుగుకి స్టీలు, సిమెంటు, పని జరిగిన నెల. అలాంటివి ముప్పై నలభై పనులు పోగయ్యాయని వెంటనే సొంత ఏఐకి శిక్షణ ఇవ్వాలని చూడకండి. ఆ సంఖ్యకు ఫిల్టరు పెట్టిన స్ప్రెడ్‌షీటు సగటే ఎక్కువ నమ్మదగింది. రాబోయే టెండర్లలో ఎవరు ఎంత కోట్ చేయబోతున్నారన్నది మాత్రం అందులోకి ఎప్పుడూ రాకూడదు. 2002 పోటీ చట్టం మూడో సెక్షన్ దాన్ని కుమ్మక్కుగా చూస్తుంది.

పని మొదలయ్యే ముందు ఒప్పందంలో నాలుగు మాటలు రాయించుకోండి. ఏ ఫోల్డరులో ఉన్నదే చెల్లే డ్రాయింగు. ఎవరు ఏ ఏఐకి ఏ షీట్లు ఇవ్వొచ్చు. ఏఐ ఇచ్చిన కొలత మీద ఎవరి సంతకం పడితే అది సైటుకి వెళ్తుంది. అప్పగింతలో పీడీఎఫ్‌తో పాటు డీడబ్ల్యూజీ గానీ ఐఎఫ్‌సీ గానీ ఇవ్వాలా వద్దా. సబ్ కాంట్రాక్టర్లకు ఇంకొకటి: మెయిన్ కాంట్రాక్టరు ప్లాట్‌ఫామ్‌లో మీ లాగిన్ పని పూర్తయ్యాక తీసేసే అవకాశం ఎక్కువ, ఫైనల్ బిల్లు మీద తగాదా వచ్చేదీ అప్పుడే. మీరు పంపిన ప్రతి లేఖ, అందుకున్న ప్రతి రివిజన్, ఆమోదం వచ్చిన తేదీతో సహా నెల నెలా దించుకుని మీ డిస్కులో పెట్టుకోండి.